ఇంట్లో వట్టికాళ్ళ వ్యాయామం: ముందు మీ పాదానికి స్పర్శ ఉందో లేదో చూసుకోండి



కొంతకాలం క్రితం ఒక స్త్రీల కూటంలో ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నలభై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది యాభై దాటినవాళ్ళే. మోకాళ్ళ నొప్పులు, బరువు, బి.పి., షుగర్, అందరివీ ఇవే బాధలు. "బయటికి వెళ్ళి నడవడం మాతో కాదు సిస్టర్. వీధి నిండా కుక్కలు, బండ్లు. పైగా ఇంట్లో పని" అన్నారు. నేను ఉత్సాహంగా, "బయటికి ఎందుకమ్మా? ఇంట్లోనే చాప వేసుకుని, చెప్పులు లేకుండా ఇరవై నిమిషాలు చేసుకోండి. బూట్లు కొనే ఖర్చు కూడా తప్పుతుంది" అని చెప్పాను. చెప్పడమే కాదు, కొంగు దోపుకుని నాలుగైదు రకాలు చేసి చూపించాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. టీ తాగి ఇంటికి వచ్చేశాను.

మూడు నెలల తర్వాత, ఆ రోజు ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మగారిని ఆమె కోడలు మా డ్రెస్సింగ్ రూముకు తీసుకొచ్చింది. కుడికాలి బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ ఎర్రగా వాచింది. మేజోడు విప్పగానే వాసన. ఆమె మాత్రం నన్ను చూసి సంతోషంగా, "మీరు చెప్పిన కాడినుంచి రోజూ చేస్తున్న సిస్టరమ్మా, ఒక్కనాడు కూడా మానలే" అంది. ఎప్పుడు తగిలిందని అడిగితే తెలియదంది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదంటే, "నొప్పే లేదాయె. నొప్పి లేనిదానికి దవాఖానకు ఎందుకొస్త?" అంది. పన్నెండేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి.

సర్జన్‌గారు పుండు శుభ్రం చేస్తుంటే లోపలినుంచి చిన్న గాజు ముక్క బయటపడింది. ఆకుపచ్చ గాజు. కోడలు దాన్ని చూసి, అది తన చేతి గాజేనని, పదిహేను రోజుల క్రితం హాలులో పగిలిందని, ఊడ్చాననే అనుకున్నానని చెప్పి ఏడ్చేసింది. అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని ఊరడించింది. పదిహేను రోజులు గాజు ముక్క మీద నడిచి, దానిమీదే వ్యాయామం కూడా చేసిన మనిషి కంట నీరు లేదు. మానడానికి ఐదు నెలలు పట్టింది. దేవుని దయవల్ల వేలు దక్కింది.

కోడలు తప్పేమీ లేదు. తప్పు నాది. కూర్చున్నవాళ్ళలో ఎవరికి షుగర్ ఉంది, ఎవరి పాదాలకు స్పర్శ ఉంది అని అడగకుండా, నలభై జతల కాళ్ళకు ఒకే మందు రాసి ఇచ్చాను. మందుల చీటీ చూడకుండా మాత్ర ఇస్తే మా స్టూడెంట్ నర్సులను నేనే కోప్పడతాను. అందుకే ఈ నెల ఈ పేజీలో ఆ విషయమే రాస్తున్నాను.

చెప్పులు లేకుండా వ్యాయామం చేయడం చెడ్డదని నేను అనడం లేదు. పాదంలో 26 ఎముకలున్నాయి. వాటిని కలిపి పట్టుకుని వంపు నిలబెట్టే చిన్న చిన్న కండరాలున్నాయి. మందపాటి అట్ట బూటులో రోజంతా బిగించి ఉంచితే ఆ కండరాలకు పని తగ్గుతుంది. వట్టికాలు నేలమీద పెట్టినప్పుడు వేళ్ళు విచ్చుకుని నేలను పట్టుకుంటాయి, అరికాలిలోని నరాలు మనం ఎటు ఒరుగుతున్నామో మెదడుకు చెబుతాయి. తూలకుండా నిలబడగలగడం దీనిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలో డాక్టర్ ఉదయభాస్కర రావు, డాక్టర్ బెంజమిన్ జోసఫ్ 4 నుంచి 13 ఏళ్ళ వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి పరీక్షించారు. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వట్టికాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందికే ఉన్నాయి. ఈ ఫలితాలు 1992లో అచ్చయ్యాయి. చంటిపిల్లవాడికి అడుగులు రాకముందే పీ పీ అని మోగే బూట్లు తొడిగే తల్లిదండ్రులు ఈ లెక్క గుర్తుంచుకుంటే మంచిది.

మన ఊరి పెద్దలు కొందరు, "మేము వట్టికాళ్ళతో ఫుట్‌బాల్ ఆడినోళ్ళం, మాకు చెప్పులేంటి" అంటారు. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, నిజమే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో ఆడిన మన ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. 2-1 తేడాతో ఓడినా మైదానంలో వాళ్ళ ఆట చూసి లోకం మెచ్చుకుంది. ఆ జట్టు కెప్టెన్ టి. ఆవో నాగా కొండల నుంచి వచ్చినవాడు, తర్వాత డాక్టరు అయ్యాడు. నాలుగేళ్ళ తర్వాత 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా వెళ్ళారు. అక్కడ చలిలో, తడి గడ్డిమీద, మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతోనే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీంగారి జట్టు బూట్లు వేసుకుని నాలుగో స్థానానికి వచ్చింది. ఆ జట్టులో మన సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.

ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిలా 1960లో రోమ్ నగరంలో మారథాన్ పరుగు వట్టికాళ్ళతో గెలిచాడు. 1964లో టోక్యోలో మళ్ళీ గెలిచాడు, ఈసారి బూట్లతో. చిన్నప్పటినుంచి నేలమీద పెరిగిన పాదాలు అవి. ముల్లు గుచ్చుకుంటే అడుగు పడకముందే కాలు వెనక్కి తీసుకునే పాదాలు. అలాంటివాళ్ళు కూడా నేల మారినప్పుడు బూట్లు వేసుకోవడానికి సిగ్గుపడలేదు. మన పెద్దాయనల సంగతి ఇంకోలా ఉంది. నేల అదే, మారింది వాళ్ళ పాదం. ఇరవై ఏళ్ళ వయసులో రాయిని గుర్తుపట్టిన అరికాలు, డెబ్బై ఏళ్ళకు, పదిహేనేళ్ళ షుగర్ తర్వాత, గుర్తుపట్టకపోవచ్చు.

డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసిన పాతవాళ్ళందరికీ తెలుసు. 1914లో తమిళ దేశంలోని కొల్లి కొండల్లో మిషనరీ తల్లిదండ్రులకు పుట్టారు. ఇంగ్లాండులో వైద్యం చదివి 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అప్పటివరకు అందరి నమ్మకం. మన తెలంగాణలో డాక్టర్ ఇసబెల్ కెర్ ప్రారంభించిన డిచ్‌పల్లి ఆసుపత్రికి రోగుల్ని ఊళ్ళనుంచి వెళ్ళగొట్టి పంపిన రోజుల్లో జనం అనుకున్నదీ అదే. బ్రాండ్‌గారు ఒక్కొక్క రోగిని, ఒక్కొక్క పుండును వెంబడించి చూశారు. మాంసంలో లోపం లేదు. నరం చచ్చిపోయి నొప్పి తెలియకపోవడం వల్ల కాలిన పెనం పట్టుకుంటున్నారు, మేకు దిగిన కాలితో మైళ్ళు నడుస్తున్నారు. నొప్పి ఉన్న మనిషి కుంటుతాడు, కుంటడం వల్ల పుండు మీద బరువు పడదు, మానుతుంది. నొప్పి లేని మనిషి కుంటడు.

ఆయన తన జీవితంలో జరిగిన ఒక సంగతి రాసుకున్నారు. ఒకసారి అమెరికా ప్రయాణం ముగించుకుని, ఒంట్లో బాగాలేక, ఇంగ్లాండు చేరి రైలులో లండన్ వచ్చారు. రాత్రి గదిలో మేజోళ్ళు విప్పుతుంటే ఒక మడమకు స్పర్శ తెలియలేదు. పిన్నీసు తీసి గుచ్చుకున్నారు. రక్తం వచ్చింది గాని నొప్పి రాలేదు. ఇన్నేళ్ళు కుష్ఠు రోగుల మధ్య పనిచేశాను, నాకూ వచ్చిందని ఆ రాత్రంతా నిద్రలేదు. భార్యాపిల్లలకు దూరంగా ఉండాలని, పని మానుకోవాలని ఏవేవో తలచుకున్నారు. తెల్లవారాక మళ్ళీ పిన్నీసు గుచ్చితే నొప్పికి కేక పెట్టారు. రైలులో ఎక్కువసేపు ఒకే తీరున కూర్చోవడం వల్ల నరం నొక్కుకుపోయింది, అంతే. ఆ నొప్పికి ఆయన దేవునికి స్తోత్రం చెప్పారు. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మా ట్యూటర్ ఈ కథ చెబితే నవ్వుకున్నాం. ఇప్పుడు డ్రెస్సింగ్ రూములో నాకు నవ్వు రాదు. (దయచేసి మీరెవరూ ఇంట్లో పిన్నీసుతో గుచ్చుకుని చూడవద్దు. అది కూడా పుండుకు దారే.)

1966లో బ్రాండ్‌గారు అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాక, ఇదే కథ షుగర్ రోగుల పాదాల్లోనూ జరుగుతోందని గమనించి, కుష్ఠు పాదాలకు చేసినట్టే వాటికీ చెప్పులు, కట్లు నేర్పారు. ఆయన 2003లో కన్నుమూశారు. మన దేశంలో ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో తేల్చింది. షుగర్ అదుపులో లేకపోతే శరీరంలో అన్నిటికన్నా పొడుగైన నరాలు ముందు దెబ్బతింటాయి. అవి కాలివేళ్ళ దాకా పోయే నరాలు. కొందరికి మంటలు, తిమ్మిర్లు, దూదిమీద నడిచినట్టు ఉంటుంది. వాళ్ళు అదృష్టవంతులు, భయపడి ఆసుపత్రికి వస్తారు. కొందరికి ఏమీ ఉండదు. ఏమీ తెలియకుండానే స్పర్శ పోతుంది. చెమట కూడా తగ్గి చర్మం ఎండి పగుళ్ళిస్తుంది. రక్తం సరిగా అందకపోతే చిన్న గీత కూడా మానదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పార్కులు మూసేశారు, నడకకు వెళ్ళేవాళ్ళంతా ఇంట్లోనే మొదలుపెట్టారు. ఆ అలవాటు చాలామందికి నిలిచిపోయింది. మంచిదే. కాని బయటికి నడవడానికి వెళ్ళే మనిషి బూట్లు వేసుకుంటాడు. ఇంట్లో చేసే మనిషి వేసుకోడు. ఈ తేడా ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా.

లాలాగూడ వైపు ఉండే ఒక రిటైర్డ్ రైల్వే పెద్దాయన డి-విటమిన్ కోసమని మే నెలలో పదకొండు గంటలకు మేడమీద వట్టికాళ్ళతో చేతులు ఊపుతూ అరగంట తిరిగారు. దిగి వస్తుంటే మెట్లమీద తడి అడుగులు పడ్డాయి. నీళ్ళు ఎక్కడ తొక్కావని భార్య అడిగింది. నీళ్ళు కావు, అరికాళ్ళ బొబ్బలు చితికి కారుతున్న రసి. ఆయనకు అప్పుడే తెలిసింది. చెప్పులు లేకుండా మేడ ఎక్కే అలవాటు ఉన్నవాళ్ళకు మన ఎండాకాలం గురించి వేరే చెప్పనక్కరలేదు. కాని నరాలు బాగున్నవాడు రెండో అడుగుకే గంతులు వేసి నీడకు వస్తాడు. ఈయన అరగంట ఉన్నారు.

గుడ్ ఫ్రైడే గురించి కూడా ఒక మాట చెప్పాలి. పన్నెండింటికి ఆరాధన మొదలయ్యేటప్పుడు చెప్పులు బయట ఆవరణలో విడుస్తాం. మూడింటికి బయటికి వస్తే ఆ బండలు పెనంలా ఉంటాయి, ఎండలో పడి ఉన్న చెప్పులు కూడా. వందల జతల్లో మన జత వెతుక్కునేసరికి రెండు నిమిషాలు. ఈస్టరు తర్వాతి వారం మా ఓ.పి.కి కాలిన పాదాలు రావడం నాకు కొత్త కాదు. సంఘ పెద్దలు తలచుకుంటే చెప్పుల స్థలానికి ఒక పందిరి, గుమ్మందాకా ఒక తడి గోనెపట్టా వేయించడం పెద్ద పని కాదు.

ఇక అసలు చిక్కు మన అలవాట్లలో ఉంది. "ఇంట్లో చెప్పులా?" అని మన ఇళ్ళల్లో ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. డాక్టరు చెప్పి కొడుకు కొనితెచ్చిన మెత్తటి చెప్పులు చాలా ఇళ్ళల్లో గుమ్మం బయటే ఉంటాయి. "వంటింట్లోకి చెప్పులతో ఎట్లా పోతాను, ప్రార్థన దగ్గర ఎట్లా కూర్చుంటాను" అని అడిగినవాళ్ళు నాకు ఎంతమందో. మండుతున్న పొద దగ్గర మోషే చెప్పులు విడవలేదా అని నాకే వాక్యం చెప్పిన పెద్దమనిషి కూడా ఉన్నారు. అయ్యా, ఆ వాక్యం నాకూ తెలుసు. మోషేకు నరాల జబ్బు ఉందని ఎక్కడా రాయలేదు. పాదాల్లో జబ్బు ఉన్నదని బైబిలులో రాసినది ఆసా రాజుకు. ఆ కథ ఎలా ముగిసిందో రెండవ దినవృత్తాంతములలో చూసుకోవచ్చు. అక్కడ ఆయన దేవుణ్ణి మరచి వైద్యులనే నమ్ముకున్నాడని ఉంది, దాన్ని పట్టుకుని వైద్యుల దగ్గరికే పోవద్దనేవాళ్ళతో నేను ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్నాను. అది వేరే సంగతి.

నా అభిప్రాయం ఇది. స్పర్శ పోయిన పాదానికి ఇంటి చెప్పులు కళ్ళజోడులాంటివి. కళ్ళజోడు పెట్టుకుని ప్రార్థనకు కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. గుమ్మం దాటని ఒక జత ఇంట్లోకే ఉంచుకోండి, రోజూ తడిగుడ్డతో తుడవండి. కూర్చుని ప్రార్థన చేసేటప్పుడు విడవండి, లేచేటప్పుడు వేసుకోండి. అత్తగారు చెప్పులు వేసుకుని వంటింట్లోకి వస్తే కోడలు, కోడలు వేసుకుంటే అత్తగారు ఏమీ అనకూడదు. పాస్టరుగారు ఒక ఆదివారం ఈ మాట పైనుంచి చెబితే నేను వంద కూటాల్లో చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మీ పాదానికి స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూసుకునే ఒక సులువైన పద్ధతి ఉంది. ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రివాళ్ళు కనిపెట్టారు, పనిముట్టు అక్కరలేదు. షుగర్ ఉన్న మనిషిని మంచంమీద కాళ్ళు చాపి పడుకోబెట్టండి. కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలితో ఆయన కాలివేలి చివర మెల్లగా ఒకటి రెండు సెకన్లు ఆనించండి. నొక్కకూడదు, తట్టకూడదు, గీరకూడదు, ఈకలా ఆనించాలి. తెలియగానే కుడి అనో ఎడమ అనో చెప్పమనండి. కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, తర్వాత కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు, మొత్తం ఆరు చోట్ల. ఒక్కొక్క చోట ఒక్కసారే. చెప్పలేకపోతే మళ్ళీ మళ్ళీ ముట్టి చెప్పించవద్దు, మన పిల్లలు అమ్మమ్మను పాస్ చేయించడానికి అలాగే చేస్తారు. ఆరింటిలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు అనుకుని ఆసుపత్రికి రండి. ఇక్కడ మేము సన్నని నైలాన్ దారంతో పరీక్ష చేస్తాం. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగే దారం అది, నొప్పి ఉండదు. ఆరూ తెలిసినా షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారి పాదాలు చూపించుకోవాలి.

నేను ఆ స్త్రీల కూటానికి మళ్ళీ వెళ్ళాను. జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. షుగర్ ఉన్నవాళ్ళందరికీ అక్కడే ఈ పరీక్ష చేశాం. ముగ్గురికి వేళ్ళ చివర స్పర్శ తెలియలేదు. వాళ్ళలో ఇద్దరు ఆ రోజుదాకా తమ పాదాలు చాలా బాగున్నాయనే అనుకుంటున్నారు.

స్పర్శ లేనివాళ్ళు వ్యాయామం మానాలా అంటే, మానకూడదు. షుగర్ అదుపుకు వ్యాయామం కావాలి. సరైన చెప్పులు వేసుకుని, రోజూ పాదాలు చూసుకుంటూ మామూలుగా నడిస్తే ప్రమాదం పెరగదు. అడుగున మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు ఉండి, వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడాలి. వేలూరు రోజుల నుంచి వస్తున్న రబ్బరే అది. వేలి మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పులు వద్దు, ఆ పట్టీయే వేళ్ళ సందు ఒరిపి పుండు చేస్తుంది, పైగా తెలియకుండా జారిపోతాయి. మేజోళ్ళు ఒక్కటే వేసుకుని చేయడం చెప్పుల కిందికి రాదు. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. మనవడి బొమ్మ చక్రం, పెన్ను మూత, చింతగింజ, ఇవన్నీ నేను చెప్పుల్లోంచి తీసినవే. పుండు గాని బొబ్బ గాని ఉంటే నిలబడి చేసేవన్నీ ఆపేయండి. కుర్చీలో కూర్చుని చేతులు, భుజాలు ఆడించండి, పుండు మానేదాకా అదే. పుండుమీద పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టవద్దు. ఆనెకాయను బ్లేడుతో కోయవద్దు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టవద్దు, వేడి ఎంతుందో చెప్పవలసిన పాదమే చెప్పడం లేదు. అదే రోజు రండి.

స్పర్శ బాగున్నవాళ్ళు చెప్పులు లేకుండా చేసుకోండి, నాకు అభ్యంతరం లేదు, నేనూ అలాగే చేస్తాను. కాని నేల చూసుకోండి. మారేడుపల్లి, లాలాగూడ పాత ఇళ్ళల్లో షాబాదు బండలుండేవి, గరుకుగా ఉండి కాలు పట్టేవి. ఇప్పుడు అన్నీ అద్దంలాంటి టైల్స్. పొద్దున పనిమనిషి తడిబట్ట పెట్టే వేళకే మన వ్యాయామం వేళ కూడా. దుప్పటి మడిచి వేసుకుంటే టైల్స్ మీద దుప్పటితో సహా జారతారు. అడుగున రబ్బరు ఉండే చాప కొనుక్కోండి. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు వృద్ధులమీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఇంట్లో పడ్డవాళ్ళలో సగం మందికి పైగా ఆ సమయంలో వట్టికాళ్ళతోనో, మేజోళ్ళతోనో, స్లిప్పర్లతోనో ఉన్నారు. తుంటి విరిగి వచ్చే అమ్మమ్మలను చూసే నాకు అది ఆశ్చర్యం అనిపించలేదు.

చెప్పులు లేకుండా ఏవి చేయాలంటే, నిదానంగా చేసేవి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, పక్కన గోడ ఉండగా ఒంటికాలిమీద పది లెక్కపెట్టేదాకా నిలబడడం, నేలమీద తువ్వాలు పరచి కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోవడం, పిక్కలు సాగదీయడం. ఎగిరి దూకేవి వద్దు. మా క్వయర్ అమ్మాయిలు ఫోన్లో చూసి గ్రానైట్ మీద వట్టికాళ్ళతో జుంబా మొదలుపెట్టి, నెల తిరక్కుండా పొద్దున మంచం దిగగానే మడమ పోటు అని వచ్చారు. దూకుళ్ళకు బూట్లు వేసుకోండి. ఎన్నో ఏళ్ళు బూట్లలోనే ఉన్న పాదమైతే మొదట ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారవారం పెంచండి. పెరట్లో, మట్టిలో వట్టికాళ్ళు వద్దు. కొంకిపురుగులు చర్మంలోంచే దూరతాయి, మేకు దిగితే ధనుర్వాతం భయం. టి.టి. ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేనివాళ్ళు వచ్చి అడగండి.

వ్యాయామం అయ్యాక అరికాళ్ళు చూసుకోవడం అందరికీ మంచిది, షుగర్ ఉన్నవాళ్ళకు తప్పనిసరి. వంగలేనివాళ్ళు నేలమీద చేతి అద్దం పెట్టి చూడండి, చూపు ఆననివాళ్ళు ఇంట్లోవాళ్ళతో చూపించుకోండి. వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవండి. ఎండిన మడమలకు కొబ్బరినూనె రాయండి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయవద్దు.

ఆ అమ్మగారు ఇప్పుడు నల్ల రబ్బరు చెప్పులతో ఇల్లంతా తిరుగుతున్నారు. వ్యాయామం మళ్ళీ మొదలుపెట్టారు, కుర్చీలో కొంత, చెప్పులతో నిలబడి కొంత. పోయిన నెల చూపించుకోవడానికి వస్తే పాదాలు శుభ్రంగా ఉన్నాయి గాని, ఎడమ చెప్పు అడుగు ఒకవైపు అరిగిపోయి ఉంది. దాన్ని మార్పించాం. మీరు పాదాల పరీక్షకు వచ్చేటప్పుడు వేసుకొచ్చిన చెప్పులే కాక, ఇంట్లో వేసుకునే జత కూడా సంచిలో పెట్టుకుని తెండి. అవి కూడా చూస్తాం.